రూర్ బొగ్గు, లోరైన్ ఇనుము: యూరప్ సయోధ్య వెనక కథ

2021 నాటికి జర్మనీ బయటి నుంచి కొనే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. ఇంత బేరం ఉన్నాక యుద్ధం ఎందుకొస్తుందని చాలామంది ధీమాగా ఉన్నారు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి జరగనే జరిగింది. 1914కు ముందూ ఇంతే. బ్రిటన్ సరుకుకు జర్మనీ పెద్ద గిరాకీ, అయినా రెండూ కొట్టుకున్నాయి. వ్యాపారానికి తోడు ఇంకేదో కావాలి. అదేమిటో తెలియాలంటే ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు తగవు చూడాలి.

రెండు దేశాల సరిహద్దు ప్రాంతమైన లోరైన్‌లో ఇనుప ఖనిజం ఉంది. దాన్ని కరిగించడానికి కోక్ అనే ఇంధనం కావాలి, అది తయారుచేయడానికి పనికొచ్చే బొగ్గు జర్మనీలోని రూర్‌లో ఉంది. 1871లో లోరైన్‌లో కొంత జర్మనీ లాక్కుంది, మొదటి యుద్ధం తర్వాత ఫ్రాన్స్ వెనక్కి తీసుకుంది. జర్మనీ యుద్ధ పరిహారం సరిగా కట్టడం లేదని 1923లో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్‌లోనే దిగాయి. దాంతో పగ ఇంకా ముదిరింది.

1945 తర్వాత కూడా జర్మన్ పరిశ్రమను లేవనివ్వకూడదనే ఫ్రాన్స్ చూసింది. సోవియట్ టెన్షన్‌లో ఉన్న అమెరికాకేమో పశ్చిమ జర్మనీ త్వరగా కోలుకోవాలి. ఈ ఇరకాటంలో ఫ్రెంచి అధికారి జాఁ మొనే ఒక ఉపాయం ఆలోచించాడు. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ దాన్ని 1950 మే 9న ప్రకటించాడు: రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి సంస్థ కిందికి తెద్దాం. షూమన్ జర్మన్ పౌరుడిగా పుట్టి, లోరైన్ చేతులు మారాక ఫ్రెంచివాడైన మనిషి. తమ దేశానికి సమాన హోదా దక్కుతుందని పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ వెంటనే ఒప్పుకున్నాడు. 1951 ఏప్రిల్ 18న ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్‌తో కలిపి ఆరు దేశాలు పారిస్‌లో సంతకాలు చేశాయి. బ్రిటన్ దూరంగా ఉండిపోయింది.

అసలు కిటుకు ఆ ఉమ్మడి సంస్థను నడిపిన హై అథారిటీ అనే మండలిలో ఉంది. దాని సభ్యులు సొంత ప్రభుత్వాల మాట వినకూడదన్నది నియమం. ఖర్చులకు కంపెనీల నుంచే నేరుగా లెవీ వసూలు చేసేది. కొనేవాడి దేశాన్ని బట్టి బొగ్గు ధర మార్చడం, సరిహద్దు దాటే సరుకుకు రైలు ఛార్జీలో వివక్ష చూపడం కుదిరేది కాదు. అన్యాయం జరిగిందనుకుంటే కోర్టుకెళ్లే వీలుండేది. ఒకప్పుడు సైన్యాలు కదిలిన గొడవ కాస్తా ఫైళ్లు, వాయిదాలు, తీర్పుల వ్యవహారమైంది. చూడ్డానికి చప్పగా ఉంటుంది కానీ, నా లెక్కలో అసలు గొప్పతనం ఆ చప్పదనమే.

అమెరికా సైన్యం, నాటో అండ లేకుండా ఇదంతా నడిచేదా అంటే అనుమానమే. సంస్థకూ హద్దులుండేవి. బొగ్గు నిల్వలు పేరుకుపోయాయని, సంక్షోభం ప్రకటిద్దామని 1959లో హై అథారిటీ అడిగితే ప్రభుత్వాలు ససేమిరా అన్నాయి. కానీ అప్పటికే ఆ ఆరు దేశాలు 1957 రోమ్ ఒప్పందాలతో బొగ్గు, ఉక్కు దాటి మొత్తం మార్కెట్‌నే ఉమ్మడి చేసుకునే పనిలో పడ్డాయి.