ఎన్‌ఐసీయూలో మంచాలు ఎప్పుడూ ఎందుకు చాలవు?

కాన్పులు ఎక్కువగా జరిగే ప్రసూతి ఆసుపత్రుల్లో కొన్నేళ్లకోసారి ఒక ఫైలు కదులుతుంది: నవజాత శిశువుల ఐసీయూని విస్తరించాలని. కొత్త వార్డు కడతారు, పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు, ఊపిరి అందించే వెంటిలేటర్లు దిగుతాయి. కొంతకాలానికి చాలాచోట్ల మళ్లీ ఒకే వార్మర్ మీద ఇద్దరు పిల్లలు కనబడతారు. ఇదంతా ఆసుపత్రి చేతగానితనం అనేయడం తేలిక. నిజానికి అందులో సగం, వైద్యం గెలిచినకొద్దీ పెరిగే రద్దీ.

పిల్లల్ని 'పెట్టెలో పెట్టడం', అంటే ఇంక్యుబేటర్‌లో ఉంచడం, పారిస్‌లో మొదలైంది. అక్కడి మెటర్నిటీ ఆసుపత్రి డాక్టరు స్టెఫాన్ తార్నియే, జూలో కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి అలాంటిదే పసిపిల్లలకీ చేయించాడు. 1880 ప్రాంతంలో అది వార్డులోకి వచ్చింది. అడుగున వేడినీళ్ల తొట్టి, పైన పిల్లలు. రెండు కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్లలో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి పడిపోయాయి. ఆ మొదటి పెట్టెలో ఒకేసారి ఇద్దరు ముగ్గుర్ని పడుకోబెట్టేవారు. రద్దీ కూడా పెట్టెతోపాటే పుట్టిందన్నమాట!

1893లో అదే ఆసుపత్రిలో ప్రధాన మంత్రసాని మదాం ఆన్రీ, బలహీనంగా పుట్టిన పిల్లలకోసం విడిగా ఒక విభాగం పెట్టించింది. రెండేళ్లకు దాన్ని చేపట్టిన డాక్టరు పియేర్ బుదాన్ ఒక సంగతి గమనించాడు. బిడ్డని దూరంగా ఉంచి, పాలు కూడా పట్టనివ్వకపోతే కొందరు తల్లులకు ఆ బిడ్డ మీద మమకారమే తగ్గిపోతోంది. అందుకని తల్లులు లోపలికి వచ్చి పాలివ్వాలని పట్టుబట్టాడు. తర్వాతి తరాల వాళ్లు పెట్టెని తీసుకున్నారు, బుదాన్ మాటని వదిలేశారు. ఇన్ఫెక్షన్ భయంతో ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం తల్లిదండ్రుల్ని అద్దం అవతలే నిలబెట్టారు.

ఇప్పుడు మనకు తెలిసిన ఎన్‌ఐసీయూ రూపం 1960లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డాక్టర్ లూయీ గ్లక్ చేతిలో వచ్చింది. అంతకుముందు పిల్లల్ని విడివిడి గదుల్లో ఉంచేవారు. చేతులు శుభ్రంగా కడుక్కుంటే ఇన్ఫెక్షన్లని అదుపు చేయవచ్చని, అప్పుడు అందరినీ ఒకే హాల్లో కళ్లెదుట పెట్టుకుని చూడవచ్చని ఆయన నిరూపించాడు. ఈ పద్ధతి నిలబడేది చేతులు కడుక్కునే మనుషులు, కడుక్కోవడానికి తీరిక ఉన్నంతవరకే. ఒక సిస్టర్‌కి పదిమంది పిల్లల్ని అప్పగిస్తే ఆ తీరిక ఎక్కడిది?

1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్, అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో రెండో రోజే చనిపోయాడు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫక్టెంట్ అనే పదార్థం లేకపోవడమే ఆ జబ్బుకు మూలమని 1959లోనే డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ చెప్పింది. చికిత్సలు మాత్రం తర్వాత వచ్చాయి. 1971లో ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండేలా ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్, 1972లో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి నెలలు నిండని కాన్పుకి ముందు తల్లికిచ్చే స్టెరాయిడ్, 1980లో సర్ఫక్టెంట్ మందు. ప్యాట్రిక్ బరువు రెండు కిలోల పైమాటే. ఇప్పుడైతే మంచి ఎన్‌ఐసీయూలో అలాంటి బిడ్డ గురించి డాక్టర్లు పెద్దగా టెన్షన్ పడరు.

లెక్క మారింది ఇక్కడే. 28 వారాలకే పుట్టి, ఒకప్పుడైతే బతకని బిడ్డ ఇప్పుడు బతుకుతుంది. బతికి, అసలు కాన్పు కావాల్సిన తేదీ దగ్గరపడేదాకా, అంటే ఎనిమిది పది వారాలు ఆసుపత్రిలోనే ఉంటుంది. కామెర్లకి రెండు మూడు రోజులు లైటు కింద ఉండి వెళ్లే పిల్లలైతే అదే కాలంలో ఆ ఒక్క మంచం మీద ఇరవై మందికి పైగా వచ్చి వెళ్లిపోతారు. దానికి తోడు, ఇక్కడ వసతి పెరిగిందని తెలియగానే చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులు మరిన్ని కేసుల్ని పంపుతాయి.

ఇక సిబ్బంది. వెంటిలేటర్ మీదున్న ఒక్కో బిడ్డకు ఎప్పుడూ ఒక నర్సు ఉండాలని బ్రిటన్ ప్రమాణాలు చెబుతాయి. వారానికి 168 గంటలు. ఒక మనిషి చేసేది నలభై చిల్లర. సెలవులు కలుపుకుంటే ఒక్క మంచానికి అయిదుగురు కావాలి. యంత్రాలకి డబ్బు ఒకసారి పుడుతుంది, జీతాలకి ప్రతి నెలా పుట్టాలి. నాకు తెలిసినంతలో విస్తరణలు కుంటుపడేది ఎక్కువగా ఇక్కడే. వైరింగ్, ఆక్సిజన్ లైన్లు కూడా పాతవే ఉంచి యంత్రాలు మాత్రం పెంచితే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. 2021లో మహారాష్ట్రలోని భండారా, 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ, రెండు చోట్లా నవజాత శిశువుల వార్డుల్లో మంటలు రేగి ఒక్క రాత్రిలో పదేసి మంది పసికందులు పోయారు.

రద్దీకి వేరే జవాబు 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో దొరికింది. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక పిల్లల్ని కలిపి పడుకోబెడుతుంటే ఇన్ఫెక్షన్లు అంటుకునేవి. డాక్టర్ ఎద్గార్ రే బిడ్డని తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టించాడు. పేద ఆసుపత్రుల సర్దుబాటు అని చాలామంది తీసిపారేశారు. చాలాకాలం స్థిమితపడిన పిల్లలకే దీన్ని వాడారు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ అలవాటునీ మార్చింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే, తొలి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. మరుసటేడే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది.

అందుకోసం ఆ ఆసుపత్రుల్లో బాలింతల మంచాల్ని ఐసీయూలోకే తెచ్చారు. ఇకమీద విస్తరణ ప్లాను గీసేవాళ్లు ప్రతి వార్మర్ పక్కన తల్లి మంచానికి ఎంత జాగా వదలాలో, ఆమె సిజేరియన్ కుట్లు ఏ విభాగం సిస్టర్ చూడాలో కూడా తేల్చుకోవాలి. మొదటిది ఇంజినీరు తేల్చగలడు. రెండోది తేలాలంటే ప్రసూతి, పిల్లల విభాగాల పెద్దలు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి.