దెబ్బ మెదడులో, మర్దన చేతికి: పక్షవాతంపై అపోహలు - వాస్తవాలు

పక్షవాతం వచ్చిన మనిషిని థెరపీకి తీసుకొచ్చిన ఇంటివాళ్లు ముందుగా చూపించేది చెయ్యి. "చెయ్యి చచ్చుబడిపోయింది, నరాలు బిగుసుకుపోయాయి, నూనెతో కాస్త గట్టిగా పట్టండి సార్" అంటారు. అప్పటికే ఒక ఊళ్లో ఆకు పసరు తాగించి, ఇంకో ఊళ్లో పావురం రక్తం పూయించి నెలో రెండు నెలలో గడిపేసి ఉంటారు. ఆ చేతిలో ఎముక బాగానే ఉంది. కండా బాగానే ఉంది. మెడ నుంచి వేలి కొసల దాకా వెళ్లే నరాలూ బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలింది తలలో. కదలమని ఆజ్ఞ మోసుకెళ్లే దారులు మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట అటువి ఇటు, ఇటువి అటు దాటతాయి. అందుకే కుడి చెయ్యి పడిపోతే దెబ్బ మెదడు ఎడమ సగంలో ఉంటుంది, ఎడమ చెయ్యి పడిపోతే కుడి సగంలో.

ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల మనుషులు రెండుసార్లు నష్టపోతున్నారు. మొదటి గంటల్లో ఒకసారి, ఆ తర్వాతి నెలల్లో ఇంకోసారి.

అపోహ: పడిపోయింది చెయ్యి, కాబట్టి వైద్యం చేతికే. తెల్లారాక తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: పెద్దవాళ్లలో మెదడు బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. ఒంటి బరువులో రెండు శాతమే అయినా ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. నిల్వ పెట్టుకునే అలవాటు దానికి లేదు. ప్రతి 100 గ్రాముల మెదడుకీ నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతూనే ఉండాలి. అది 20కి పడిపోతే కణాలు పని మానేస్తాయి గానీ చావవు. 10 కంటే కిందికి దిగితే నిమిషాల్లో చచ్చిపోతాయి. రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డం పడినప్పుడు నడిమధ్య భాగం త్వరగా చనిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం నీళ్లందక వాడిన మొక్కలా ఉంటుంది. ఇంకా ఎండలేదు, నీళ్లందితే లేస్తుంది. మనం పరుగెత్తేది ఆ వాడిన భాగం కోసం. మెదడులో న్యూరాన్లు, అంటే నరాల కణాలు, సుమారు 8,600 కోట్లు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల చొప్పున పోతాయని 2006లో లెక్కగట్టారు. పసరు కోసం బస్సెక్కి వెళ్లే దారిలో జరిగేది ఇదే.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ 3 గంటల లోపు ఇస్తే మేలని 1995లో తేలింది, 4.5 గంటల దాకా ఇవ్వొచ్చని 2008లో తేలింది. ఆ ఇంజెక్షన్ ఆల్టెప్లేస్ అనే మందు అయితే కిలో బరువుకి 0.9 మిల్లీగ్రాములు, ఎంత బరువున్న మనిషికైనా 90 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో పదో వంతు ముందు ఇచ్చేసి, మిగతాది గంటపాటు ఎక్కిస్తారు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ మొదట్లోని ధమనిలోంచి సన్నని గొట్టం తలదాకా పంపి గడ్డను బయటికి లాగేస్తారు. ఇది మామూలుగా 6 గంటల లోపు. స్కానులో వాడిన భాగం ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా చేస్తారు.

ఈ గడియారం మొదలయ్యేది మీరు మనిషిని పడిపోయి ఉండగా చూసినప్పుడు కాదు, ఆ మనిషి చివరిసారి బాగున్నప్పుడు. రాత్రి పదింటికి మాట్లాడి పడుకున్నాయన ఆరింటికి లేవలేకపోతే డాక్టరుకి చెప్పాల్సింది "రాత్రి పదింటికి బాగున్నారు" అని. మధ్యలో బాత్రూముకి లేచి నడిచి వెళ్లడం ఎవరైనా చూసి ఉంటే అదీ చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యమే మారిపోవచ్చు.

మూతి వంకరపోయినా, రెండు చేతులూ చాచమంటే ఒకటి కిందికి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా టైము చూసి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వాడుతున్న మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రల సంగతి వెంట ఉండాలి. ఇంట్లో షుగర్ మిషను ఉంటే ఒకసారి చూడండి, షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. 24 గంటలూ సీటీ స్కాను తీసే ఆస్పత్రికే వెళ్లాలి. దగ్గర్లో ఉందని స్కాను లేని నర్సింగ్ హోముకి వెళ్లి సెలైన్ పెట్టించుకుంటే ఆ గంటలు తిరిగి రావు.

నోట్లో ఏమీ వెయ్యకండి, చుక్క నీళ్లు కూడా. గొంతు సగం పడిపోయి ఉంటే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ అసలే వద్దు. పక్షవాతాల్లో ఎక్కువ భాగం నాళం మూసుకుపోయి వచ్చేవే అయినా కొన్ని నాళం చిట్లి వస్తాయి. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, తేల్చేది స్కాను. చిట్లినవాళ్లకి ఆస్పిరిన్ వేస్తే రక్తం ఇంకా కారుతుంది. బీపీ 190 ఉందని కంగారుపడి నాలుక కింద మాత్ర పెట్టడం ఇంకో ప్రమాదం. మూసుకుపోయిన నాళం పక్క దారుల్లోంచి కాస్తయినా రక్తం వెళ్తున్నది ఆ బీపీ వల్లే. దాన్ని ఒక్కసారిగా దించేస్తే వాడిన భాగం ఎండిపోతుంది.

"పది నిమిషాల్లో సర్దుకుంది, ఇంకెందుకు డాక్టరు?" అని ఆగిపోయేవాళ్లు చాలామంది. గడ్డ తనంతట తనే కదిలిపోయింది గానీ, అది పుట్టిన చోటు అలాగే ఉంది. అసలు పక్షవాతం వచ్చే ముప్పు తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. సర్దుకున్నా అదే రోజు వెళ్లాలి.

మూతి వంకరపోవడం మెదడు వల్ల కాకుండా ముఖ నరం వాపు వల్ల కూడా రావొచ్చు. అప్పుడు ఆ పక్క నుదురు ముడవలేరు, కన్నూ సరిగ్గా మూయలేరు. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి పక్షవాతంలో నుదురు సాధారణంగా ముడుచుకుంటుంది. చల్లగాలి తగిలిందనుకుని ఇంట్లో కూర్చోకండి. ఏది ఏదో తేల్చే పని డాక్టరుది. నరం వాపు అయినా దానికిచ్చే స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెట్టాలి.

అపోహ: చచ్చిన కణాలు తిరిగి పుట్టవు, కాబట్టి పోయిన చెయ్యి రాదు.

వాస్తవం: మొదటి సగం నిజమే. రెండో సగం తప్పు. ఆ తప్పు ఎంతోమందిని మంచానికి కట్టేస్తోంది. మెదడు చేసే పనుల్లో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇక్కడే ఉంది: చచ్చిన భాగం చేస్తూ వచ్చిన పనిని పక్కనున్న బతికిన భాగం నేర్చుకోగలదు. 1996లో స్క్విరల్ కోతుల మీద చేసిన ప్రయోగం ఈ విషయాన్ని స్పష్టంగా చూపించింది. చేతిని నడిపే మెదడు భాగంలో చిన్న దెబ్బ తగిలాక వదిలేసిన కోతుల్లో, దెబ్బ తగలని చుట్టుపక్కల చోటు కూడా చేతి పని మర్చిపోయింది. చిన్న గుంటల్లోంచి మేత గుళికలు వేళ్లతో తీసే సాధన చేయించిన కోతుల్లో ఆ చోటు నిలబడింది. కొన్నిటిలో భుజం, మోచెయ్యి నడిపే చోటులోకి కూడా వేళ్ల పని పాకింది.

అంటే వాడితే పెరుగుతుంది, వాడకపోతే ఉన్నదీ పోతుంది. నూనె మర్దనతో వచ్చిన చిక్కు కూడా అదే. పడుకున్న మనిషి చేతిని ఇంకొకరు పిసుకుతుంటే మెదడు ఒక్క ఆజ్ఞ కూడా జారీ చెయ్యదు. కీళ్లు బిగుసుకోకుండా రోజుకి రెండు పూటలా ఒక్కో కీలునీ పదేసిసార్లు మెల్లగా ఆడించడం మంచిదే. అది కీలుని కాపాడుతుంది, మెదడుకి పని నేర్పదు.

నేర్పేది ఎన్నిసార్లు చేశామన్న లెక్క. థెరపీ గదుల్లో ఒక్కో పూట జబ్బు చేతితో పనికొచ్చే కదలికలు ఎన్ని చేయిస్తున్నారో 2009లో లెక్కపెడితే సగటున 32 తేలాయి. జంతువుల్లో మెదడు మారాలంటే వందల్లో చేయించాల్సి వచ్చింది. మిగతావి ఇంట్లోనే జరగాలి.

వేళ్లు కాస్తయినా తెరుచుకునేవాళ్లకి ఒక స్టీలు గ్లాసు చాలు. చేతులు లేని గట్టి కుర్చీలో పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టండి. జబ్బు చేతి ముంజేయి బల్ల మీద ఆనాలి. ఖాళీ గ్లాసుని జానెడు దూరంలో పెట్టండి. మోచెయ్యి చాచి, బొటనవేలు దూరంగా తెరిచి, గ్లాసు పట్టుకుని, బెత్తెడు పక్కకి జరిపి, వదలాలి. కష్టమంతా వదలడంలో ఉంటుంది, ముడిచే కండరాలు పట్టు విడవవు. అందుకే తొందరపెట్టకండి, వేళ్లు విడిపోయేదాకా ఆగండి. మోచెయ్యి చాచలేక మనిషి మొత్తం ముందుకి వంగిపోతుంటే, ఛాతీ చుట్టూ చున్నీ వేసి కుర్చీ వీపుకి వదులుగా కట్టండి. ఇరవైసార్లు చేసి రెండు నిమిషాలు విశ్రాంతి, అలా ఐదు విడతలు. మూడు పూటలకి మూడొందలు. తేలికైపోతే దూరం పెంచండి, సగం నీళ్లు పొయ్యండి, ఆ తర్వాత పల్లెంలోంచి శనగలు ఏరించండి. కష్టం తగ్గితే నేర్చుకోవడమూ ఆగుతుంది. వేళ్లు అసలే తెరుచుకోనివాళ్లు మడతపెట్టిన టవల్ మీద అరచెయ్యి పెట్టి బల్ల మీద ముందుకీ వెనక్కీ జరపాలి. ముందు జబ్బు చెయ్యి తనంతట తను ప్రయత్నించాలి, ఆ తర్వాతే మంచి చెయ్యి సాయం పట్టాలి.

మణికట్టు, వేళ్లు కొంచెం పైకి లేపగలిగేవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. మంచి చేతికి తొడుగు తొడిగి, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం దాన్ని వాడనివ్వకుండా, రెండు వారాలు పనులన్నీ జబ్బు చేతితోనే చేయిస్తారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2006లో వచ్చాయి. మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. "ఆరు నెలలు దాటింది, ఇంక రాదు" అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. మొదటి మూడు నెలల్లో వేగంగా వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. తొడుగు పద్ధతి మాత్రం థెరపిస్టు చూపించాకే మొదలుపెట్టండి. పొయ్యి దగ్గర, నడిచేటప్పుడు తొడుగు తీసేయాలి.

అలాగని మొదటి రోజే లేపి నడిపించే ఆత్రం పనికిరాదు. 24 గంటల లోపే ఎక్కువసేపు, గట్టిగా కసరత్తు చేయించినవాళ్లు తక్కువగా కోలుకున్నారని 2015లో ఒక పెద్ద ప్రయోగంలో తేలింది. డాక్టరు సరేనన్నాక కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు చేయించాలి.

ఇంట్లో చేతులారా చేసే తప్పులు మూడు. జబ్బు చెయ్యి పట్టుకునో, చంకలో చెయ్యి వేసో మనిషిని లేపడం: కండ పట్టు లేని భుజం కీలు కిందికి జారి, ఆ నొప్పితో ఇంక సాధనే మానేస్తారు. నడుము పట్టుకుని లేపండి. తలుపుకి కప్పీ తాడు కట్టి చెయ్యి పైకి లాగించడం: దాంతో కూడా భుజం దెబ్బతింటుంది. మెత్తటి బంతి పిసికించడం: అసలే ముడుచుకుపోతున్న వేళ్లకి అది ఇంకా ముడుచుకోవడం నేర్పుతుంది. ఆ చేతికి కావాల్సింది తెరవడం.

మాట పోయినవాళ్లని మతి పోయిందనుకోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. దెబ్బ మాటలు వెతికే భాగానికి తగిలింది, తెలివికి కాదు. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూసిన రోగి "టాన్" అనే ఒక్క శబ్దమే పలకగలిగేవాడు, ఎదుటివాళ్ల మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. భార్య పేరు అందనివాళ్లలో కొందరు వెంకటేశ్వర సుప్రభాతం అందుకుంటే తప్పు లేకుండా పాడుకుంటూ పోతారు, ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా లెక్కపెడతారు. ఏళ్ల తరబడి నోటికొచ్చిన పాటా వరసా మెదడులో వేరే దారుల్లోంచీ నడవగలవు. అక్కణ్ణుంచే థెరపీ మొదలుపెట్టొచ్చు. ఒక్కసారి ఒక్క ప్రశ్న, అవును కాదు అనేది. అరవకండి, చెవులు బాగానే ఉన్నాయి. మాట కోసం వెతుకుతుంటే మీరు పూర్తిచెయ్యకండి, కాసేపు ఆగండి.

కుడి మెదడు దెబ్బతిన్న కొందరు కంచంలో కుడి సగం అన్నం మాత్రమే తిని, ఇంకా ఆకలంటారు. ఎడమ సగం ముందే ఉన్నా వాళ్ల మెదడుకి అటువైపనేదే లేదు. కంచం తిప్పితే మిగతాదీ తింటారు. మొండితనం అనుకుని కసురుకోకండి. కంచం ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, తినే ముందు ఆ ఎరుపు వెతకమనండి. మీరూ ఎడమవైపే కూర్చుని మాట్లాడండి.

మిగతావి క్లుప్తంగా. మనం మెదడులో పది శాతమే వాడతామన్నది అబద్ధం. దాదాపు ఏ మూల దెబ్బ తగిలినా ఏదో ఒక పని దెబ్బతినడమే అందుకు రుజువు. ఎడమ మెదడు మనుషులు, కుడి మెదడు మనుషులు అని రెండు రకాలు లేరు. కళ్లకి గంతలు కట్టినా పిల్లలు చదివేస్తారని చెప్పే మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ కోర్సులకి ఫీజు కట్టకండి, వాళ్లు చూసేది ముక్కు పక్క సందులోంచి. బాదంపప్పు తినండి, పోయిన చెయ్యి దానితో రాదు. బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లతోనూ రాదు.

తినిపించడం గురించి అడిగేవాళ్లకి: గొంతు పరీక్ష అయ్యాకే నోటి ద్వారా ఇవ్వాలి. నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. మింగడం కష్టమైనవాళ్లకి అన్నిటికంటే ప్రమాదం పల్చటి నీళ్లే, చిక్కటి జావ, గడ్డపెరుగు నయం. తాగాక దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపేసి డాక్టరుకి చెప్పండి.

రెండో పక్షవాతం తెచ్చేవాటిలో ముందుండేది బీపీ. "ఇప్పుడు 130కి వచ్చేసింది" అని మాత్ర మానేస్తారు, అది 130లో ఉన్నది మాత్ర వల్లే. చీటీలో రాసినవి అయిపోవడానికి వారం ముందే తెచ్చిపెట్టుకోండి.