ఏ కాపీ విన్నారో ముందు చెప్పండి: జాజ్ రికార్డుల ర్యాంకుల మీద అపోహలు - వాస్తవాలు

పాత గ్రామఫోన్ ప్లేట్లను తుడిచి, వాటిలో ఉన్న సంగీతాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. విజయనగరంలో ఈ పనికి కొదవ లేదు. 1919లో మొదలైన సంగీత కళాశాల మా ఊళ్ళోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. అందుకే ఇక్కడ పాత ఇళ్ళ అటకలు దులిపితే ఇప్పటికీ హరికథలు, నాటక పద్యాలు, వయొలిన్ ప్లేట్లు బయటపడుతుంటాయి. జాజ్ ప్లేట్లు మాత్రం దొరకవు. కలకత్తాలో పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకుంటాను.

ఆదివారం సాయంత్రం మా ముందుగదిలో అయిదారుగురం చేరి జాజ్ వింటాం. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. కుర్రతనంలో షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకుని, విల్లిస్ కోనోవర్ వేసే జాజ్ వింటూ పెరిగిన మనిషి. ఇంకో అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడు, అంతా ఫోన్లోనే వింటాడు. పోయిన నెల అందరం తలో పది రికార్డుల పేర్లు వరసగా రాసుకొచ్చాం. ఆ అబ్బాయి రాసినదాంట్లో 1955కి ముందుది ఒక్కటీ లేదు. 1920ల నాటి ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా లేడు. "ఆర్మ్‌స్ట్రాంగ్ గొప్పోడే మాస్టారూ, కానీ ఆ గరగరలో ఏటుంది వినడానికి?" అన్నాడు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "వాళ్ళు వాయించిందాంట్లో నువ్వు సగమే విన్నావు బాబూ."

ఆయన మాట నా పనిలో రోజూ కళ్ళారా చూసే నిజం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: 1920ల డ్రమ్మర్లకు అంత సత్తా లేదు. అందుకే పాత రికార్డుల్లో డ్రమ్స్ పేలవంగా ఉంటాయి.

వాస్తవం: వాళ్ళు వాయించారు, యంత్రం పట్టుకోలేకపోయింది. 1925 దాకా రికార్డింగుకు మైకు లేదు. పెద్ద బాకా ముందు అందరూ గుమిగూడి వాయిస్తే, ఆ శబ్దం ఒత్తిడే ఒక పల్చటి పొరను కదిపి, దానికి బిగించిన ముల్లుతో మైనం మీద గాడి గీయించేది. శబ్దాన్ని పెంచడానికి మధ్యలో ఇంకే సాధనమూ లేదు. పెద్ద డ్రమ్ము గట్టిగా మోగితే ముల్లు ఎగిరిపడేది, ఆ మైనం దిమ్మ పనికిరాకుండా పోయేది. 1923 ఏప్రిల్లో కింగ్ ఆలివర్ జాజ్ బ్యాండ్ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌కు, జెన్నెట్ స్టూడియోకు వెళ్ళింది. అక్కడ డ్రమ్మర్ బేబీ డాడ్స్ చెక్కదిమ్మల మీద తాళం వేశాడు. బిల్ జాన్సన్ తన పెద్ద తీగవాద్యం బేస్ పక్కన పెట్టి, చిన్న తీగవాద్యం బాంజో పట్టాడు. కుర్రాడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) మరీ గట్టిగా ఉందని అతన్ని మిగతావాళ్ళకు దూరంగా వెనక నిలబెట్టారని, ఆ బ్యాండులో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే రికార్డింగ్ ఆపేవారు.

ఇది అర్థం కావాలంటే మన సిరిమానోత్సవం రోజున తప్పెటగుళ్ళు ఆడేచోట నిలబడి ఫోన్లో రికార్డు చేసి చూడండి. రొమ్మున కట్టుకున్న తప్పెట మీద ఇరవై మంది ఒక్కసారి చేత్తో కొట్టి ఎగిరితే, ఆ దెబ్బ మీ గుండెల్లో మోగుతుంది. ఇంటికొచ్చి ఫోన్లో పెట్టి వింటే మాత్రం రేకు డబ్బా చప్పుడు. దెబ్బ పడ్డ ప్రతిసారీ ఫోన్ బెదిరిపోయి మొత్తం శబ్దాన్ని తగ్గించేస్తుంది, గజ్జెలు మాయమవుతాయి, పాట నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆ ఫైలొక్కటే విని తప్పెటగుళ్ళకు మార్కులు వేస్తే మనం ఊరుకుంటామా? బేబీ డాడ్స్‌కు మనం వేస్తున్న మార్కులు అలాంటివే.

అపోహ: మూడు నిమిషాల పాట చిన్న పని, ఎల్పీ (ఎక్కువసేపు మోగే ప్లేటు) పెద్ద పని.

వాస్తవం: పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొన్ని సెకన్లు పడుతుంది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీని తెచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలు దాటింది. శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబర్ 9న రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' నాలుగు భాగాలూ కలిపి ముప్ఫై మూడు నిమిషాల దాకా ఉంటుంది. ఆ నిడివి అతనికి కావాలి. ఒక చిన్న పలుకును పట్టుకుని తిప్పుతూ తిప్పుతూ మనల్ని లోపలికి తీసుకెళ్తాడు. దాన్ని మూడు నిమిషాలకు కుదిస్తే ఏమీ మిగలదు.

ఇక 1928 జూన్ 28న ఆర్మ్‌స్ట్రాంగ్ చికాగోలో చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' వినండి. మొదట ట్రంపెట్ ఒక్కటే, తోడు ఎవరూ లేకుండా, పదిహేను సెకన్ల లోపు. నాలుగు స్వరాలు గట్టిగా పలికి, పైకెక్కి ఒక్క క్షణం నిలబడి, అక్కణ్ణుంచి మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. మన విద్వాంసుడు అరగంట ఆలాపనలో రాగానికి వేసే పునాదిని అతను పదిహేను సెకన్లలో వేశాడు. చివర్లో ఒకే స్వరాన్ని దాదాపు నాలుగు బార్ల (తాళపు చుట్ల) పాటు పట్టుకుంటాడు. నేను ఆ చోట ఊపిరి బిగబట్టి వింటాను, ఎన్నిసార్లు విన్నా అంతే. అప్పటికి మైకు వచ్చినా డ్రమ్మర్ జట్టీ సింగిల్టన్ చేతి తాళాల్లాంటివాటితోనే సరిపెట్టుకున్నాడు. అతని పక్కన పియానో మీద ఎర్ల్ హైన్స్.

1939 అక్టోబర్ 11న కోల్మన్ హాకిన్స్ శాక్సోఫోన్ మీద చేసిన 'బాడీ అండ్ సోల్' కూడా అంతే, మూడు నిమిషాలే. అసలు పాట వరసను మొదట్లో కొద్దిగా చూపించి వదిలేసి, మిగతాదంతా అప్పటికప్పుడు కట్టుకుంటూ పోతాడు. ద్వారం వారి పాత ప్లేట్లు విన్నవాళ్ళకు ఈ విద్య కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లేటు ఎప్పుడు అయిపోతుందో లోపల గడియారం తిరుగుతూనే ఉంటుంది, అయినా తొందర వినపడదు.

నిడివికి మార్కులు వేయొద్దు. ఉన్న జాగాలో ఎంత కట్టారన్నది చూడండి.

అపోహ: ప్లేటు మీద ఏ శ్రుతి వినపడితే అదే వాళ్ళు వాయించిన శ్రుతి.

వాస్తవం: దీని దగ్గర నేను చాలా పెద్ద తప్పు చేశాను.

కొన్నేళ్ళ కిందట బొబ్బిలి వైపు నుంచి ఒక కుటుంబం వాళ్ళ తాతగారి హరికథ ప్లేటు తెచ్చారు. లేబుల్ మీద 78 అని ఉంది. నేనూ నిమిషానికి 78 చుట్ల వేగంతోనే తిప్పి, ఎక్కించి ఇచ్చేశాను. వారం తిరక్కుండా ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు. "నాయనా, కోపం తెచ్చుకోకు. ఇది మా నాన్న గొంతు కాదు. మా నాన్నది ఇంత సన్నటి గొంతు కాదు."

ప్లేటు మళ్ళీ తెప్పించి కూర్చున్నాను. వెనక హార్మోనియం ఉంది. అది నాకు ఆధారం, ఎందుకంటే హార్మోనియం రెండు మెట్లకు మధ్య స్వరం పలకదు. 78 దగ్గర సరిగ్గా ఆ మధ్యలోనే పడుతోంది. వేగం తగ్గిస్తూ వస్తే 76 దగ్గర ఒక మెట్టుకు కుదిరింది, 72 దగ్గర దాని కింది మెట్టుకు. రెండూ పంపాను. ఆవిడ 72 విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదీ మా నాన్న" అన్నారు. ఆ రోజు నుంచి లేబుల్ మీద అంకెను నమ్మడం మానేశాను. ఆ కాలంలో కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో రికార్డు చేశాయి. 78లో నాలుగున్నర చుట్లు అటూ ఇటూ అయితే అర శ్రుతి, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు, మారిపోతుంది. గొంతు మారుతుంది, నడక మారుతుంది, వాయించేవాడి స్వభావమే మారినట్టు ఉంటుంది.

పాత ప్లేట్లకే ఈ జబ్బు అనుకోకండి. బ్యాంకు అబ్బాయి మొదటి స్థానం ఇచ్చిన, ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఎల్పీ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. మొదటి రోజు వాడిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పేసరికి ఎల్పీ మొదటి వైపు ఉన్న మూడు పాటలూ అసలుకంటే కొద్దిగా హెచ్చు శ్రుతిలో బయటికొచ్చాయి. తోడుగా నడిచిన రెండో యంత్రం టేపుల ఆధారంగా 1990లలో సరిచేశారు. అంటే ముప్ఫై ఏళ్ళకు పైగా జనం ఆ మూడు పాటలనూ తప్పు శ్రుతిలో విని, ఆ రికార్డుతో గొంతు కలిపి సాధన చేశారు. అదీ మన కాలం నాటి 'శుభ్రమైన' రికార్డు.

అపోహ: గరగర ఎంత తీసేస్తే సంగీతం అంత బాగా వినపడుతుంది.

వాస్తవం: గరగర ఉన్నచోటే తాళాల మెరుపు, క్లారినెట్ ఊదేవాడి ఊపిరి, వేలు తీగ మీద జారిన చప్పుడు కూడా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌తో ఒకటి కోస్తే రెండోది తెగుతుంది. ఫోన్లో ఉచితంగా దొరికే పాత జాజ్ చాలావరకు ఇలా గీకి పారేసినదే, దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు ఉంటుంది. నేను ముందు సబ్బునీళ్ళతో కడుగుతాను. స్పిరిట్ మాత్రం తగలనివ్వను, ప్లేటులో ఉన్నది లక్క. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ వేస్తారు! తర్వాత సరైన ముల్లు పెడతాను. పాత ప్లేటు గాడి వెడల్పు, దానికి ఎల్పీ ముల్లుకు మూడింతలు లావున్న ముల్లు కావాలి. సన్నటి ముల్లు గాడి అడుక్కు దిగి అక్కడున్న దుమ్మునే చదువుతుంది. ఈ రెండు పనులూ చేశాక ఎంత గరగర మిగిలితే అంత ఉండనిస్తాను. రెండు నిమిషాల్లో చెవి దాన్ని పక్కకు నెట్టేస్తుంది.

అపోహ: రికార్డుల్లో ఉన్నదే జాజ్ చరిత్ర మొత్తం.

వాస్తవం: జాజ్ పుట్టుకలో మొదటి పేరుగా చెప్పుకునే బడ్డీ బోల్డెన్ వాయించిన రికార్డు ఒక్కటీ మిగల్లేదు. 1942 ఆగస్టు 1న అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులు బంద్ చేసింది. పెద్ద కంపెనీలతో రాజీ కుదిరేసరికి 1944 నవంబర్. ఆ మధ్యలోనే బీబాప్ అనే కొత్త జాజ్ ధోరణి రూపు కట్టింది. 1943లో ఎర్ల్ హైన్స్ బ్యాండులో ఆ ధోరణికి ఆద్యులైన చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ కలిసి వాయించారు, ఆ బ్యాండుకు రికార్డు లేదు. ఆ రోజుల్లోనే యుద్ధం వల్ల అమెరికాలో లక్కకు కరువొచ్చింది, వాళ్ళ ప్లేట్లకు లక్క వెళ్ళేది మన దేశం నుంచే. 1940 నాటి రికార్డు తర్వాత నేరుగా 1945 నాటిది విని "ఒక్కసారిగా విప్లవం వచ్చింది" అనేస్తాం. విప్లవం కాదు, మధ్యలో పేజీలు లేవు.

అపోహ: లైవ్ అంటే జరిగింది జరిగినట్టు.

బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1956 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో చేసిన కచేరీ ఎల్పీని అందరూ అలాగే విన్నారు. జులై 7 రాత్రి ఆ బ్యాండులోని పాల్ గొన్సాల్వెజ్ పాట వరస మీద 27 ఆవృత్తాలు ఆపకుండా శాక్సోఫోన్ వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపిన మాట నిజం. కానీ అతను ఎల్పీ కోసం పెట్టిన కొలంబియా మైకు ముందు కాకుండా, రేడియో కోసం పెట్టిన వాయిస్ ఆఫ్ అమెరికా మైకు ముందు నిలబడ్డాడు. ఎల్పీలో మరికొన్ని భాగాలు ఆ తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి చప్పట్లు కలిపినవి. వాయిస్ ఆఫ్ అమెరికా టేపులు దొరికాక, 1999లో అసలు కచేరీ సరిగ్గా బయటికొచ్చింది. ఇది చెప్పినప్పుడు మా మాస్టారి ముఖం చూడాల్సింది. కుర్రతనంలో తను రేడియోలో విన్నది ఆ మైకుదే అయి ఉంటుందని ఆ సాయంత్రమంతా అదే మాట.

అపోహ: ఇన్ని తేడాలున్నప్పుడు ర్యాంకులు వేయడమే దండగ.

నేను ఒప్పుకోను. వరస రాయమంటేనే మనిషి మళ్ళీ మళ్ళీ వింటాడు, తన ఇష్టానికి కారణం వెతుక్కుంటాడు. మేం ఇప్పుడు పేరు పక్కన మూడు విషయాలు రాస్తున్నాం: విన్న కాపీ ఏది, ఆ రోజు యంత్రం ఏం పట్టుకోగలదు, వాయించినవాడు ముందు ఎవరూ చేయనిది ఏం చేశాడు. మూడూ రాశాకే అంకె. బ్యాంకు అబ్బాయి ప్లేటు మీంచే 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మూడుసార్లు విని, దాన్ని నాలుగో స్థానంలో పెట్టాడు. 'కైండ్ ఆఫ్ బ్లూ'ను మొదటి స్థానంలోంచి కదపలేదు, కదపక్కర్లేదు కూడా.

ఇంకా తేలనిది ఒకటుంది. పియానో వాద్యకారుడు థెలోనియస్ మాంక్, కోల్ట్రేన్ కలిసి 1957 నవంబర్ 29న కార్నెగీ హాల్‌లో వాయించిన టేపు 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికి, ఆ ఏడాదే విడుదలైంది. దీన్ని ఏ కాలం కింద రాయాలి? మాస్టారు 1957 అంటారు, వాయించిన రోజే దాని పుట్టినరోజని. 2005 అని ఆ అబ్బాయి పట్టు. 1957కీ 2005కీ మధ్య ఎవరూ దాన్ని విని నేర్చుకోలేదు కాబట్టి, దాని ప్రభావం ఇప్పుడే మొదలైందని అతని వాదన. రెండు వారాలుగా నేను మాస్టారి వైపే ఉన్నాను. నిన్న రాత్రి టేపు మళ్ళీ విన్నాక, అబ్బాయి మాటే సబబేమో అనిపిస్తోంది.