బడిలో వేషం ఎవరు కట్టాలి? షెడ్యూల్లో ఒక్క మాట చేసిన పని

యానివర్సరీ డ్రస్సుల గొడవ మళ్లీ రాజుకుంది. జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే విజయవాడ, గుంటూరు ప్రైవేటు బడుల్లో వార్షికోత్సవాల హడావుడే. పాప డ్యాన్సులో ఉందని సంబరపడేలోపే డ్రస్సుకి ఇంత కట్టాలని డైరీలో చీటీ వస్తుంది. ఒక్క సాయంత్రం వేసి తిరిగిచ్చేసే అద్దె డ్రస్సుకి అంత డబ్బేంటని తల్లిదండ్రులు అడుగుతున్నారు. షాపువాళ్ల రేటే చెబుతున్నాం, మేం మిగుల్చుకునేదేమీ లేదని యాజమాన్యాలు అంటున్నాయి. ఏటా ఉండే తగువే. ఈసారి ఇందులోకి మూడో గొంతు వచ్చింది. పిల్లల వేషం ఎలా ఉండాలో ఆలోచించి, గీసి, కుట్టించే మనిషి బడిలోనే ఉండాలి కదా, ఆ ఉద్యోగం ఏమైపోయిందని నిలదీస్తోంది. అడిగేవాళ్లలో డ్రాయింగ్, టైలరింగ్ సర్టిఫికెట్లు చేత్తో పట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లున్నారు, నిన్నమొన్న డిజైన్ డిగ్రీ చేతికొచ్చిన పిల్లలూ ఉన్నారు.

డబ్బు సంగతి తల్లిదండ్రులు, యాజమాన్యాలు కూర్చుని తేల్చుకోగలరు. మూడో గొంతు అడిగినదానికి మాత్రం వెనక్కి వెళ్లి చూడాలి. సురభి గురించో, తెనాలి నాటకాల గురించో, కొండపల్లి బొమ్మల గురించో ఇక్కడి పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. వేషానికీ బొమ్మకీ ఈ నేల మీద కొదవ ఎప్పుడూ లేదు. వాటికి బడిలో చోటు ఎప్పుడు పోయిందన్నదే ప్రశ్న. నా లెక్కలో అది 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం చివర్న, ఎవరూ పెద్దగా తిరగేయని షెడ్యూల్లో, అంటే అనుబంధ పట్టికలో, ఉంది.

ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో ఎవరెవరు ఉండాలో షెడ్యూలు వరసగా చెబుతుంది. లెక్కలు, సైన్సు కలిపి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు. ప్రతి 35 మంది పిల్లలకి ఒక టీచరు తగ్గకూడదు. పిల్లలు వంద దాటితే పూర్తికాలం హెడ్మాస్టరు ఉండాలి. ఆ కింది వరసలో కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు 'పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు'. లెక్కలు చెప్పేవాళ్లను టీచరన్న చట్టం బొమ్మ వేయడం నేర్పేవాళ్లను ఇన్‌స్ట్రక్టరంది. అదీ వందమంది దాటిన బడిలోనే, అదీ పార్ట్‌టైమ్‌గానే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఆ మాత్రం ప్రస్తావన కూడా లేదు.

అదే చట్టంలో 29వ సెక్షన్ చదివితే మనసు నిండుతుంది. బిడ్డ అన్ని విధాలా ఎదగాలని, పనులు చేస్తూ, వెతుక్కుంటూ, కనిపెడుతూ నేర్చుకోవాలని అందులో రాశారు. అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పదో తరగతి దాకా కళలు తప్పనిసరి కావాలని కోరింది. ఇంత కోరినవాళ్లు ఆ పని చేసే మనిషి దగ్గరికి వచ్చేసరికి సగం పూట చాలనుకున్నారు.

షెడ్యూలు చెప్పింది కనీస ప్రమాణమే, అంతకు మించి పెట్టుకోవద్దని ఎవరన్నారని చట్టం రాసినవాళ్ల తరఫున వాదించేవాళ్లున్నారు. మాటగా చూస్తే నిజమే. కానీ కనీసం అని రాసినదే మన దగ్గర గరిష్ఠమైపోతుంది. సర్కారు బడుల్లో ఈ పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు సమగ్ర శిక్ష పథకం కింద 'పీటీఐ'లయ్యారు. 2023 డిసెంబర్లో సమగ్ర శిక్ష సిబ్బంది రోడ్డెక్కినప్పుడు ఆ గుంపులో పీటీఐలూ ఉన్నారు. చాలా ప్రైవేటు బడులకు ఆ ఇన్‌స్ట్రక్టరు కూడా అక్కర్లేకపోయింది. డ్యాన్సుకి బయటి మాస్టరు, డ్రస్సుకి అద్దె షాపు, ఆటవస్తువులకి కంపెనీ కిట్టు. డైరీలో ఇప్పుడొస్తున్న చీటీ అలా పుట్టింది.

అంతకుముందు ఏముండేది? దూరం వెళ్లనక్కర్లేదు. కోపల్లె హనుమంతరావు 1910లో బందరులో జాతీయ కళాశాల పెట్టినప్పుడు పుస్తకం చదువెంతో చేతిపనీ అంతే. చిత్రకళ చెప్పడానికి అక్కడికి ప్రమోద్‌కుమార్ చటర్జీని రప్పించారు. 1937లో గాంధీజీ వార్ధాలో చెప్పిన చదువుకి చేతివృత్తే మూలం. ఆ ఊపులోంచే మన హైస్కూళ్లకి డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు టీచరు వచ్చారు. వాళ్లకో దారి కూడా ఉండేది. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్, చేనేత, టైలరింగ్ ఎంబ్రాయిడరీ పరీక్షలు లోయర్ పాసై, హయ్యర్ పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తిచేస్తే బడిలో ఉద్యోగానికి అర్హులయ్యేవాళ్లు. ఆ పరీక్షలు ఇప్పటికీ ఉన్నాయి. గుంటూరు, విజయవాడ సెంటర్లలో ఇప్పటికీ ఆడపిల్లలు మెషిన్ మీద గంటల తరబడి కూర్చుని రాస్తున్నారు.

గుంటూరు జిల్లాలో నేను చదివిన హైస్కూల్లో ఒక డ్రాయింగు మాస్టారుండేవారు. వార్షికోత్సవానికి నెల ముందు నుంచే ఆయన గది మైదా జిగురు వాసనతో నిండిపోయేది. జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేయించేవారు, లేకపోతే రాత్రికి రాత్రే బొద్దింకలు కొరికేస్తాయని. మట్టికుండ బోర్లించి, దాని మీద తడి కాగితం పరిచి, పాత పేపర్లు పొరలు పొరలుగా అంటించాలి. కత్తెర ముట్టుకోనిచ్చేవారు కాదు. చేత్తో చింపితేనే అంచు పల్చబడి పక్క ముక్కలో కలిసిపోతుందనేవారు. ఒక పొర ఆరాకే ఇంకో పొర. ఏడు పొరలయ్యాక కుండ మీంచి తీస్తే దుర్యోధనుడి కిరీటం వచ్చేది. నుదుటికి గీసుకోకుండా లోపలి అంచుకి పాత లుంగీ గుడ్డ కుట్టేవారు. వెనకవైపు రెండంగుళాలు కోసి నాడా ఎక్కించేవారు, ఆరో తరగతి తలకైనా పదో తరగతి తలకైనా సరిపోయేట్టు. ఆ కుండ మీదే ఇంకోసారి కాగితాలు అంటించి, నీలిరంగు పూసి, సోషల్ క్లాసుకి భూగోళం చేసిపెట్టారు. అక్షాంశాల కోసం దారాలు కట్టి, ఆ దారాలు తడిమి చెప్పమనేవారు. రంగస్థలానికి వేషం, తరగతికి ఆటవస్తువు ఒకే గదిలోంచి ఒకే చేతిలోంచి వచ్చాయి. ఈనాడు దాన్నే డిజైన్ అంటున్నారు. ఆయన రిటైరయ్యాక ఆ గదిలోకి కొత్త మాస్టారు రాలేదు. మా తర్వాతి బ్యాచ్ నాటికి అందులో విరిగిన బెంచీలు పడేశారు.

వేషాల కథ ఇదైతే, ఆటవస్తువుల కథ కొంచెం వేరు. బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, ఏపీపెప్ అని పాత టీచర్లు ఇప్పటికీ తలుచుకునేది, పిల్లలు చేసి నేర్చుకోవాలన్న మాటను మన ఊరి బడుల్లోకి తెచ్చింది. తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) గ్రాంటు ఇచ్చారు. మండలాల్లో టీఎల్‌ఎం మేళాలు జరిగాయి. అట్టలు, థర్మోకోల్, సీసా మూతలు, పెళ్లి శుభలేఖలు పెట్టి టీచర్లు ఎంత ఓపిగ్గా చేశారో ఆ మేళాలకి వెళ్లినవాళ్లకి తెలుసు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. అయితే మేళాలో బల్ల మీద ముచ్చటగా ఉన్న ఆట తరగతికి వెళ్లేసరికి చతికిలబడేది. పదులు ఒకట్ల వైకుంఠపాళి ఒక్కటే చేస్తే నలుగురు ఆడతారు, మిగతా ముప్పైమంది గుమిగూడి చూస్తారు. అదే ఆటని ఎనిమిది సెట్లు చేయాలి, ఒక్కో సెట్టు ఒక శుభలేఖ కవర్లో పట్టాలి, ఒక ముక్క పోయినా ఆట ఆగకూడదు, ఓడిపోయిన పిల్ల ఖాళీగా కూర్చోకూడదు. ఇవన్నీ ఆలోచించడం వేరే విద్య. ఐదు తరగతులు ఇద్దరు చూసుకునే బడిలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచరుని, ఆ విద్య కూడా నేర్చుకొమ్మనడం న్యాయం కాదు.

ఆ విద్య చెప్పే సంస్థ మన పక్కకే వచ్చింది. 2007 జాతీయ డిజైన్ విధానం కొత్త ఎన్ఐడీలు (జాతీయ డిజైన్ సంస్థలు) కావాలంది. వాటిలో ఒకటి హైదరాబాద్‌కి అనుకున్నారు, రాష్ట్రం విడిపోయాక అది ఇటు వచ్చింది. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో క్లాసులు మొదలయ్యాయి, తర్వాత అమరావతిలో శాఖమూరుకి మారింది. 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థయింది. నాలుగేళ్ల బీడిజైన్‌లో పారిశ్రామిక డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, వస్త్ర దుస్తుల డిజైన్ ఉన్నాయి. బొమ్మలు, ఆటల డిజైన్ మీదే పీజీ చేయాలంటే ఎన్ఐడీ వాళ్ల గాంధీనగర్ క్యాంపస్‌కి వెళ్లొచ్చు. పిల్లల నాటకం, దాని వేషం, దాని రంగస్థలం కోసమే ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1989లోనే విడిగా ఒక బృందాన్ని పెట్టింది. అంటే నేర్చుకునే దారి ఉంది. ఎంసెట్ తప్ప వేరే ప్రవేశపరీక్ష పేరు వినని ఇళ్లలోంచి కూడా ఎన్ఐడీ డ్యాట్, యూసీడ్ లాంటి డిజైన్ ప్రవేశపరీక్షలు రాసే పిల్లలు విజయవాడ, గుంటూరుల్లోనే కనిపిస్తున్నారు. నేర్చుకుని బయటికొచ్చినవాళ్లకి బెంగళూరులో యాప్ కంపెనీ ఉంది, హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియో ఉంది. విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు అరండల్‌పేటలోనో బడిలో మాత్రం కుర్చీ లేదు. ఆ బడి రాసుకునే పోస్టుల పట్టికలో అలాంటి పేరే లేదు, ఉన్నచోట పార్ట్‌టైమ్ అని ఉంది.

2020 జూలైలో జాతీయ విద్యావిధానం వచ్చినప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. కళలకీ సైన్సుకీ, పాఠానికీ పాఠ్యేతరానికీ మధ్య గోడ ఉండకూడదని అందులో గట్టిగా రాశారు. బొమ్మలతో బోధన మీద ఎన్‌సీఈఆర్‌టీ చేతిపుస్తకం తెచ్చింది. 2015లో మొదలైన బడిపిల్లల కళల పోటీ కళా ఉత్సవ్‌లో దేశీయ బొమ్మలు, ఆటలు ఒక పోటీ అంశంగా చేరాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల్లాంటి పప్పెట్లు ఉన్న పెట్టె వచ్చింది. పెట్టె మంచిదే. దాన్ని తెరిచి మన ఊరి పిల్లలకి తగ్గట్టు మార్చే మనిషి ఎవరన్నది మళ్లీ మిగిలిపోయింది. ఉదాహరణకి మన కొండపల్లి చూడండి. తెల్ల పొణికి కర్రతో అంబారీ ఏనుగు, దశావతారాలు చేసే చేతులు బెజవాడకి కూతవేటు దూరంలో ఉన్నాయి. ముక్కలు విడదీసి మళ్లీ అమర్చే భిన్నాల బొమ్మ అదే కర్రతో చేయొచ్చు. ఏ కొలతలో చేయాలి, నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేకుండా ఏ రంగు వేయాలి, ఏ తరగతికి ఎన్ని కావాలి అని ఆ కళాకారుడికి గీసిచ్చే మనిషి బడి వైపు నుంచి రావాలి.

2025లో సర్కారు బడుల్లో టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ పడింది. 16,347 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371, గ్రాడ్యుయేట్ టీచర్లు (టీజీటీలు) 1,781, పోస్టుగ్రాడ్యుయేట్ టీచర్లు (పీజీటీలు) 286, వ్యాయామ టీచర్లు (పీఈటీలు) 132, ప్రిన్సిపాళ్లు 52. ఈ ఆరు పద్దుల్లో డ్రాయింగ్ పేరుతోనో క్రాఫ్ట్ పేరుతోనో విడిగా పద్దు లేదు. హయ్యర్ పాసై, టీటీసీ చేసి, వయసు మీరిపోతున్నవాళ్ల కడుపుమంట ఇప్పుడు డ్రస్సుల తగువులోకి ఎందుకు వచ్చిందో ఈ అంకెల్లోనే ఉంది. ఖాళీలు ముందు లెక్కలకీ ఇంగ్లీషుకీ నింపాలన్న ప్రభుత్వ వాదనలో అర్థం ఉంది. పదిహేనేళ్లుగా అదే వాదన వింటున్నవాళ్ల అసహనంలో అంతకంటే ఎక్కువ అర్థం ఉంది.

విజయవాడ వన్‌టౌన్‌లో డ్రస్సులు కుట్టి అద్దెకిచ్చే ఒక షాపుకి ఈ కథనం కోసం వెళ్లాను. బడులనుంచి వచ్చిన ఆర్డర్లు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. 'సీతాకోకచిలుకలు, చిన్నవి 14, మధ్యవి 20.' కొలతలు లేవు. కుట్టేఆయన ఒక రెక్కల డ్రస్సు తీసి చూపించాడు. రెక్కకి ఇనుప తీగ, భుజానికి సన్నటి ఎలాస్టిక్. అరగంట వేసుకుంటే చంకలో ఒరుసుకుని ఎర్రబడుతుంది. జిప్పు వీపు మీద ఉంది. ఆరేళ్ల పిల్ల బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవరో ఒకరు విప్పాలి, స్టేజీ వెనక ఆ ఎవరో ఒకరు దొరకరు. ఎలాస్టిక్ బదులు వెడల్పాటి పట్టీ, ముందువైపు వెల్‌క్రో, తీగ బదులు చాట అల్లే సన్న వెదురు బద్ద పెడితే బాగుంటుందని ఆయనకి తెలుసు. చెప్పడానికి బడిలో ఎవరిని అడగాలో తెలీదన్నాడు. ఆర్డరు ఆఫీసు గుమాస్తా ఫోన్లో చెబుతాడు, డ్రస్సులు వ్యాన్ డ్రైవరు తీసుకెళ్తాడు. పోయిన వారం వెళ్లిన మూట తిరిగొచ్చింది. అందులో ఏడు డ్రస్సులకి చంక దగ్గర కుట్లు విడిపోయి, పిన్నీసులు పెట్టి ఉన్నాయి.