ఒక కుకీలో రెండు చల్లదనాలు

డిసెంబరు వచ్చేసరికి అమెరికాలో ఏ దుకాణానికి వెళ్ళినా ఎరుపు తెలుపు చారలతో, పైకొన చేతికర్రలాగా వంగి ఉండే పిప్పరమెంటు కడ్డీలు డబ్బాలకొద్దీ కనిపిస్తాయి. తెలుగువాళ్ళలో చాలామందికి పిప్పరమెంటు అంటే ఒక మొక్క అన్న ఊహే ఉండదు. బడి పక్కన బడ్డీకొట్టువాడు సీసాలోంచి తీసి చేతిలో పెట్టే బిళ్ళ పేరు అది. పేరు మనదాకా వచ్చింది గాని ఆకు రాలేదు. ఆ కడ్డీలను నలగగొట్టి, కోకో పొడి వేసి కాల్చిన కుకీలమీద చల్లడం అక్కడి ఇళ్ళలో క్రిస్మస్ వంటల్లో ఒకటి. ఇరుగుపొరుగులు తలా ఒక రకం కుకీలను డజన్ల లెక్కన చేసి తెచ్చి, ఒకరివి ఒకరు మార్చుకునే ఆనవాయితీ కూడా ఉంది. సంక్రాంతికి మన ఇంటి అరిసెల పళ్ళెం పక్కింటికి వెళ్ళి జంతికలతో తిరిగి వచ్చినట్టే. అటువంటి మార్పిడి కోసమే నేను వీటిని మొదటిసారి చేసి, నిక్షేపంగా చెడగొట్టాను. అంటుకుపోయిన పళ్ళేన్ని గీకుతూ కూర్చున్నప్పుడు తెలిసివచ్చినది ఏమిటంటే, ఈ వంటలో కొలతలకంటే ముందు చూసుకోవలసినది ఏ పదార్థం ఎంత వేడికి కరుగుతుందన్న సంగతి.

పిప్పరమెంటు ముక్కలను పిండిలోనే కలిపేయడం నేను చేసిన తప్పు. పది నిమిషాల తరువాత ఓవెన్ తలుపు తీసి చూస్తే ముక్కలు లేవు; ప్రతి కుకీ అంచునుంచీ గులాబీరంగు పాకం కారి, పళ్ళెంమీద పలచగా పరుచుకుని, చల్లారేసరికి గాజుపెంకులాగా బిగుసుకుపోయింది. శాస్త్రపరిభాషలో అది నిజంగా గాజే. చక్కెర పాకాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా కాచితే అందులో మిగిలే నీరు నూటికి ఒకటి రెండు పాళ్ళే. పల్లీపట్టీ చేసేవాళ్ళకు ఆ వేడిని కొలిచే సాధనంతో పనిలేదు. ఒక చుక్కను నీళ్ళలో వేసి, ఉండ చేసి గిన్నెకేసి కొడితే ఖంగుమన్నప్పుడు దించేస్తారు. అంతగా ముదిరిన పాకం త్వరగా చల్లారుతున్నప్పుడు, చక్కెర అణువులకు స్ఫటికంలోలాగా వరుసకట్టే వ్యవధి దొరకక, అవి ఎక్కడివక్కడ చిక్కుబడిపోతాయి. మిఠాయి చేసేవాళ్ళు కలిపే గ్లూకోజు పాకం ఆ వరుసకు మరింత అడ్డుపడుతుంది. ఇలా క్రమం లేకుండా గట్టిపడిన పదార్థానికి, మంచుగడ్డకు ఉన్నట్టుగా, ఫలానా డిగ్రీ అనే ద్రవీభవన స్థానం ఉండదు. వేడెక్కేకొద్దీ మెత్తబడి చివరకు పారుతుంది. 175 డిగ్రీల ఓవెన్‌లో దానికి నిలకడ ఎక్కడిది?

కడ్డీలోని తెల్లచార సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులో తెల్లరంగు కలపనక్కరలేదు. వేడి పాకాన్ని మళ్ళీ మళ్ళీ సాగదీసి మడిచినకొద్దీ సన్నని గాలిబుడగలు అందులో చేరి, వెలుతురును చెదరగొట్టి, పాకాన్ని తెల్లగా చేస్తాయి. తిరునాళ్ళలో జీళ్ళవాడు బెల్లంపాకాన్ని కొక్కేనికి తగిలించి లాగుతున్నకొద్దీ దాని ముదురురంగు తేలిపోవడం చూసినవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు.

ఇక పిండి. రెండు డజన్ల చిన్న కుకీలకు ఉప్పులేని వెన్న 113 గ్రాములు, పంచదార 150 గ్రాములు, గుడ్డు ఒకటి, మైదా 125 గ్రాములు, కోకో పొడి 40 గ్రాములు, వంటసోడా అర టీస్పూను, చిటికెడు ఉప్పు, పెప్పర్‌మింట్ ఎసెన్సు అర టీస్పూను సరిపోతాయి. వెన్న వేలితో నొక్కితే గుంటపడేటంత మెత్తగా, అంటే 18 నుంచి 20 డిగ్రీల వేడిలో ఉండగా పంచదారతో కలిపి గిలకొట్టాలి. పంచదార పలుకుల కొసలు వెన్నను చీరుకుంటూ పోయి గాలిని లోపలికి తీసుకువెళతాయి. సోడానుంచి వచ్చే వాయువు గాని, నీటి ఆవిరి గాని కొత్త బుడగలను పుట్టించవు. ఇప్పుడు చేరిన బుడగలనే ఉబ్బిస్తాయి. కరిగిన వెన్నలో గాలి నిలవదు కనుక, తొందరపడి వెన్నను పొయ్యిమీద పెట్టినవాళ్ళకు దక్కేది పలచగా పరుచుకుపోయిన కుకీ.

కోకో పొడి విషయంలో ఒక మెలిక ఉంది. గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడన కోకో పండించే రైతులకు, కాయలు పగలగొట్టి తీసిన గింజలను కుప్పపోసి పులియబెట్టినప్పుడు వచ్చే పుల్లని ఘాటు బాగా తెలుసు. గింజ చుట్టూ ఉండే తియ్యని గుజ్జు మొదట మద్యంగా, తరువాత ఎసిటిక్ ఆమ్లంగా మారడంవల్ల వచ్చే వాసన అది. ఆ ఆమ్లంలో కొంత గింజలోకి ఇంకుతుంది కాబట్టి మామూలు కోకో పొడి కొద్దిగా పుల్లగా ఉంటుంది, వంటసోడా తగలగానే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నెదర్లాండ్స్‌లో 1828లో కోకో ముద్దనుంచి కొవ్వును నొక్కి తీసే యంత్రానికి పేటెంటు పొందిన వాన్ హౌటెన్ కుటుంబమే, పొడిని క్షారంతో శుద్ధిచేసే పద్ధతిని కూడా తెచ్చింది. ఆ పొడి నల్లగా, సాధువుగా ఉంటుంది. దానిలో పులుపు మిగలదు గనుక వంటసోడా సరిగా పనిచేయక సబ్బు రుచి మిగిల్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఆమ్లాన్ని తనలోనే కలిపి ఉంచుకున్న బేకింగ్ పౌడరు వాడాలి.

ఇవన్నీ కలిపిన ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఉండలు చేసి, అర అంగుళం మందాన అదిమి, 175 డిగ్రీల వద్ద 10 నిమిషాలు కాల్చాలి. చల్లని వెన్న ఆలస్యంగా కరుగుతుంది. అది పూర్తిగా కరిగి కుకీ పరుచుకునేలోపలే గుడ్డులోని ప్రోటీన్లు గట్టిపడి, మైదాలోని పిండిపదార్థం నీరు పీల్చుకుని ఆకారాన్ని నిలబెడతాయి. మామూలు కుకీ కాలినదీ లేనిదీ రంగు చెబుతుంది. ఈ నల్లని పిండిలో ఆ ఆనవాలు దొరకదు. అంచు వేలికి గట్టిగా తగులుతూ, నడుమ ఇంకా కొద్దిగా అణుగుతూ ఉన్నప్పుడే బయటికి తీసెయ్యాలి. మిగిలిన పని వేడి పళ్ళెమే పూర్తిచేస్తుంది. ఓవెన్ తలుపు తీయగానే ఇల్లంతా గుప్పుమనే పుదీనా వాసనకు మురిసిపోనక్కరలేదు. ఆ గుప్పుమన్నదంతా కుకీలోంచి పోయినదే.

పూర్తిగా చల్లారిన కుకీని సగందాకా కరిగించిన చాక్లెట్టులో ముంచి, అది ఆరకముందే పిప్పరమెంటు ముక్కలు చల్లాలి. చాలామంది చేయి జారేది ఇక్కడే. చాక్లెట్టులోని కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మొదటి నాలుగు రకాలు గది వేడికే మెత్తబడి, మసకగా, బూడిదచారలతో ఉంటాయి. మనకు కావలసిన ఐదవ రకం సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది, విరిస్తే టప్పుమంటుంది, నిగనిగలాడుతుంది. (మే నెల విజయవాడలో దానికీ దిక్కులేదు, అది వేరే సంగతి.) ఇంట్లో దానిని రాబట్టడానికి తేలిక మార్గం ఒకటుంది. నల్లచాక్లెట్టును సన్నగా తరిగి, మూడింట రెండు వంతులను వేడినీటి గిన్నెమీద 45 డిగ్రీల దాకా కరిగించి దించి, మిగిలిన వంతును కొద్దికొద్దిగా వేస్తూ 32 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూ ఉండాలి. తరిగిన ముక్కల్లో ఐదవ రకం స్ఫటికాలు ముందే ఉన్నాయి. పాలలో తోడు వేసినట్టు, అవి మిగతా కొవ్వును తమ వరుసలోకి తెచ్చుకుంటాయి. ఆ గిన్నెలోకి ఒక్క నీటిచుక్క పడినా చక్కెర రేణువులు తడిసి, ఒకదానికొకటి అంటుకుని, చాక్లెట్టు ఇసుకముద్దలా బిగుసుకుంటుంది. ఎసెన్సులో సాధారణంగా మద్యమూ నీరూ ఉంటాయి కాబట్టి దానిని పిండికే పరిమితం చేసి, చాక్లెట్టుకు వాసన కావాలంటే తినదగిన పెప్పర్‌మింట్ నూనె ఒకటి రెండు చుక్కలు వేసుకోవచ్చు.

ఇంతకూ పిప్పరమెంటు బిళ్ళకు పేరిచ్చిన పెప్పర్‌మింట్ మొక్క నీటి పుదీనాకూ, స్పియర్‌మింట్‌కూ పుట్టిన సంకరం. విత్తనం కట్టదు, తీగలా పాకే కాడలతోనే వ్యాపిస్తుంది. మన పచ్చళ్ళలో పడే పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్ జాతిది, దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ. నోటిలోని నాడుల కొసలమీద చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 26 డిగ్రీలకు దిగువన తెరుచుకునే ఆ తలుపును మెంథాల్ నోటి మామూలు వేడిలోనే తెరిచేస్తుంది. ఈ సంగతిని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రవేత్తలు వేరువేరుగా కనుగొన్నారు. అంతకు ఐదేళ్ళ ముందు, గుంటూరు మిరపకాయ నోటిని మండించే గ్రాహకాన్ని పట్టుకున్నది జూలియస్ బృందమే. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆ ఇద్దరూ పంచుకున్నారు.

మెంథాల్ చల్లదనం నాడులు చెప్పే అబద్ధం; నోటిలో ఉష్ణోగ్రత ఏమీ తగ్గదు. చాక్లెట్టు చల్లదనం మాత్రం నిజం. ఐదవ రకం స్ఫటికాలు కరగడానికి కావలసిన వేడిని నాలుకనుంచే తీసుకుంటాయి, అందుకే మంచి చాక్లెట్టు కరిగేటప్పుడు లీలగా చల్లగా తగులుతుంది. ఈ కుకీని కొరికినప్పుడు నిజమూ అబద్ధమూ ఒకేసారి నోట్లోకి వస్తాయి. వెంటనే మామూలు నీళ్ళు తాగినా కుండనీళ్ళకంటే జిల్లుమంటాయి, ఎందుకంటే ఆ గ్రాహకం అప్పటికే సగం తెరుచుకుని ఉంటుంది. వేడి కాఫీతో తింటే ఆ జిల్లు అంతగా తెలియదు, చాక్లెట్టు మాత్రం ఇంకా త్వరగా కరుగుతుంది. నాకు అలా తినడమే ఇష్టం.