ఆక్సిజన్ అందని వేళ కేశనాళిక గోడ

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటారు. రక్తం మళ్లీ పారితే గండం గడిచినట్టేనని మనం అనుకుంటాం. కానీ కొందరిలో ఆ తర్వాతే మెదడు వాస్తుంది, ఒక్కోసారి లోపల రక్తస్రావమూ అవుతుంది. దారి తెరుచుకున్నా దాని గోడ అప్పటికే చెడి ఉండడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఆ గోడ నమ్మశక్యం కానంత పలచన. కేశనాళిక, అంటే అతి సన్నని రక్తనాళం, వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు. 7, 8 మైక్రాన్ల ఎర్ర రక్తకణం చాలాచోట్ల వంగి, సాగి దూరవలసిందే. గోడ ప్రధానంగా ఒకే వరస ఎండోథీలియల్ కణాలు, అంటే నాళం లోపలి పొర కణాలు. కొన్నిచోట్ల వాటి మందం మైక్రాన్‌లో ఐదో వంతు. ఇంత పలచని కణాలకు ఆకారాన్నీ పట్టునూ ఇచ్చేది లోపలి ప్రోటీన్ పోగుల చట్రం, అంటే కణ అస్థిపంజరం. అందులో మైక్రోట్యూబ్యూల్స్, విమెంటిన్ పోగులు కూడా ఉన్నాయి గానీ, ఇక్కడ అసలు పాత్రధారి ఆక్టిన్. దాని పోగు మందం 7 నానోమీటర్లు.

ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆక్టిన్ ఎక్కువగా అంచు వెంబడి పట్టీలా పరుచుకుని ఉంటుంది. పక్కపక్క కణాలు కాడ్హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ కాడ్హెరిన్ లోపలి కొస కాటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా ఈ పట్టీకి ముడిపడి ఉంటుంది. ముడి గట్టిగా ఉన్నంతకాలం సందుల్లోంచి నీరు, ప్రోటీన్లు కారవు.

ఆక్సిజన్ ఆగితే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తగ్గుతుంది. (1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఈ అణువును వెలికితీసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.) శక్తి చాలకపోతే కణం వదులైపోవాలి కదా? జరిగేది దాదాపు తలకిందులు. ఎండోథీలియల్ కణాలు ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్ నుంచి చాలా శక్తి తీసుకోగలవు కాబట్టి వెంటనే చావవు. అంచును కాపాడే ర్యాక్ అనే సంకేతం మందగిస్తుంది, రో అనే సంకేతం రాక్ ఎంజైమును లేపుతుంది. ఆక్టిన్ కణం మధ్యగా లావుపాటి కట్టలు కడుతుంది, మయోసిన్ అనే ప్రోటీన్ వాటిని లాగుతుంది. శామియానాను అంచుల్లో నిలబెట్టిన తాళ్లనే మధ్యకు గుంజినట్టు, కణాలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి.

కాబట్టి రక్షణ ఆక్టిన్ ఎంత ఉందన్న దానిలో కాదు, ఎక్కడ ఉందన్న దానిలో ఉందని నా అభిప్రాయం. 2016లో వెలువడిన ఎలుకల పరిశోధన దీనికి బలమిచ్చింది. మెదడుకు రక్తం ఆపి వదిలాక 30 నుంచి 60 నిమిషాల్లోనే ఈ కట్టలు, సన్నటి కారుడు కనిపించాయి. ఆ సందుల గుండా తెల్లరక్తకణాలు చొరబడి, ఎంజైములతో గోడను కోలుకోలేనంతగా చెరిచాయి. ఆక్టిన్ పోగులను విడగొట్టే ప్రోటీన్‌ను ఎండోథీలియంలో ముందే ఎక్కువగా ఉంచిన ఎలుకల్లో తొలి కారుడూ తగ్గింది, తర్వాతి నష్టమూ తగ్గింది. ఆక్టిన్ ముక్కలను పట్టి ఉంచి, కట్టలు కట్టనివ్వని హెచ్ఎస్పీ27 ప్రోటీన్‌తోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

రాక్‌ను అడ్డుకునే ఫాసుడిల్‌ను మెదడు పొరల కింద రక్తస్రావం తర్వాత నాళాలు బిగుసుకోకుండా జపాన్‌లో 1995 నుంచి వాడుతున్నారు. పక్షవాతానికి దాన్ని నేరుగా ఎత్తి వాడడం అంత తేలిక కాదు. రాక్ ఒంటినిండా ఉంటుంది, రక్తనాళాల కండరాల్లోనూ ఉంటుంది. మందు మోతాదు పెరిగితే రక్తపోటు పడిపోతుంది, రక్తం చాలని మెదడుకు అది మరో దెబ్బ. పైగా ఎలుకలకు రక్షణ ముందే అమర్చారు. రోగి ఆసుపత్రికి చేరేసరికి ఆ మొదటి గంట తరచుగా దాటిపోయే ఉంటుంది.