‘కవటీనా’ గిటార్ ట్యూన్: అపోహలు – వాస్తవాలు

క్లాసికల్ గిటార్ నేర్పేవాళ్ళకి తరచూ ఎదురయ్యే కోరిక ఒకటుంది: “సార్, కవటీనా నేర్పండి.” దాంతో పాటే రెండు మూడు తప్పుడు నమ్మకాలూ క్లాసులోకి వస్తాయి. కొన్నిటివల్ల నష్టమేమీ లేదు. కొన్ని మాత్రం వాయించే తీరునే చెడగొడతాయి. అందుకే వాటితోనే మొదలుపెడతాను.

అపోహ: ఇది ‘ది డీర్ హంటర్’ సినిమా కోసం కట్టిన ట్యూన్. అందులో ఉన్నది యుద్ధం మిగిల్చిన దుఃఖం.

వాస్తవం: తెర మీద ఇది మొదట వినిపించింది 1970లో, ‘ది వాకింగ్ స్టిక్’ అనే బ్రిటిష్ సినిమాలో. పోలియో వల్ల చేతికర్ర సాయంతో నడిచే ఒక లండన్ అమ్మాయి, ఆమె ప్రేమలో పడ్డ చిత్రకారుడు, మధ్యలో ఒక దొంగతనం. ఇదీ కథ. సంగీతం స్టాన్లీ మైయర్స్. గిటారిస్టు జాన్ విలియమ్స్ అడగడంతో మైయర్స్ ఆ స్వరాన్ని పెంచి రాశాడు. అది 1971లో విలియమ్స్ ‘ఛేంజెస్’ ఆల్బంలో వచ్చింది. 1976లో గాయని క్లియో లేన్ దానికి తనే మాటలు రాసి పాడింది. అది ప్రేమపాట. వియత్నాం యుద్ధం మీద మైకేల్ చిమినో తీసిన ‘ది డీర్ హంటర్’ 1978లో వచ్చేసరికి ట్యూన్‌కి ఎనిమిదేళ్ళు నిండాయి.

ఈ చరిత్ర వాయించేవాళ్ళకి ఎందుకంటే, సినిమా చూసి వచ్చినవాళ్ళు దీన్ని శోకగీతంలా ఈడుస్తారు. ఒక్కో స్వరం దగ్గర ఆగి నిట్టూరుస్తారు. ఇది మూడు మాత్రల నడక. ఆ ఊపు తెగిపోతే ట్యూన్ కుప్పకూలుతుంది. ముందు క్లియో లేన్ పాడింది వినమంటాను. పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గమనిస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తెలిసిపోతుంది.

అపోహ: నెమ్మదిగా సాగుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సులువు.

వాస్తవం: నా దగ్గర చేతులెత్తేసేవాళ్ళలో చాలామంది ఈ ట్యూన్ దగ్గరే ఎత్తేస్తారు. ఇది ‘ఈ మేజర్’ (E major) శ్రుతిలో ఉంటుంది. చూపుడు వేలు తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బార్ పట్టులు వరసగా వస్తాయి. ఆ పట్టు వదలకుండానే చిటికెన వేలు దూరంగా సాగి పై స్వరాన్ని పట్టాలి. కుడిచేతి పని ఇంకా కష్టం. బొటనవేలు బేస్ (మంద్ర స్వరాలు) చూసుకుంటుంది, మధ్యలో ఆర్పెజియో (పట్టులోని స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటడం) ఆగకుండా నడుస్తుంటుంది, పైన ఉంగరపు వేలు ఒక్కటే పాట పాడాలి. వేళ్ళన్నిటిలో మాట వినని వేలు అదే కదా!

పైగా గిటార్ స్వరం మీటిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. వీణ వాయించేవాళ్ళకి ఈ బాధ తెలుసు. కానీ వాళ్ళు తీగ లాగి గమకంతో స్వరాన్ని బతికించుకోగలరు. ఇక్కడ ఆ వీలు లేదు. పై స్వరాన్ని కాస్త గట్టిగా, లోపలి స్వరాల్ని బాగా మెత్తగా మీటడమే మార్గం. అందుకే మొదట ఆర్పెజియో పూర్తిగా తీసేసి, పై పాటా కింది బేసూ మాత్రమే వాయించమంటాను. ఆ రెండూ కుదిరాకే మధ్యలోవి కలపాలి. బార్ పట్టేటప్పుడు బొటనవేలితో పిండేయకండి, చేతి బరువుని వెనక్కి వదలండి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయాలి. పంతం పనికిరాదు.

అపోహ: క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకుంటే బార్ గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: నాలుగో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది నాలుగో మెట్టులో) క్యాపో పెట్టి ‘సి మేజర్’ పట్టులతో వాయిస్తే శ్రుతి ‘ఈ మేజరే’ వస్తుంది, నిజమే. కానీ క్యాపోతో ఆరో తీగ జి షార్ప్ అయిపోతుంది. అడుగున మోగాల్సిన ఆ లోతైన ‘ఈ’ (E) స్వరం పోయి, దాని పై స్థాయిలోని ‘ఈ’ మాత్రమే దొరుకుతుంది. ఇల్లంతా ఉంటుంది, పునాది ఉండదు.

స్టీల్ తీగల గిటార్ మీద వాయించకూడదా అని కూడా అడుగుతారు. వాయించండి, ఎవరూ పట్టుకోరు. కాకపోతే ఆ గిటార్ల నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు దాదాపు 43 మిల్లీమీటర్లు, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ నట్ దాదాపు 52. తీగల మధ్య అంత ఇరుకులో లోపలి స్వరాలు పక్క వేలు తగిలి మూగబోతుంటే మీ సాధన తక్కువైందనుకుని టెన్షన్ పడకండి.

అపోహ: వాయించింది ‘స్టార్ వార్స్’ జాన్ విలియమ్స్.

వాస్తవం: కాదు. ఆయన 1932లో న్యూయార్క్‌లో పుట్టిన సంగీత దర్శకుడు. ఈయన 1941లో మెల్‌బోర్న్‌లో పుట్టిన గిటారిస్టు, ప్రసిద్ధ స్పానిష్ గిటారిస్టు సెగోవియా శిష్యుడు. పేరొక్కటే కలిసింది.

అపోహ: ఈ ట్యూన్‌కి ఆస్కార్ వచ్చింది.

వాస్తవం: ‘ది డీర్ హంటర్’కి ఐదు ఆస్కార్లు వచ్చాయి. వాటిలో సౌండ్‌కి ఒకటుంది, సంగీతానికి లేదు. ట్యూన్‌కి దక్కింది జనాదరణ. 1979లో బ్రిటన్ చార్టుల్లో విలియమ్స్ రికార్డు 13వ స్థానం దాకా వెళ్ళింది. అదే ఏడాది ద షాడోస్ బృందం ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించింది 9కి చేరింది. క్లాసికల్ గిటార్ అభిమానులకి ఈ మాట అంత రుచించదు!

అపోహ: పాత ట్యూనే కాబట్టి యూట్యూబ్‌లో, పెళ్ళి వీడియోల్లో ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మైయర్స్ 1993లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 2053 చివరిదాకా. బ్రిటన్‌లో 70 ఏళ్ళు. విలియమ్స్ రికార్డింగ్ మీద హక్కు వేరే. మీరే సొంతంగా వాయించినా రచన మీద హక్కు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి క్లెయిమ్ నోటీసు వస్తే యూట్యూబ్‌ని తిట్టుకుని లాభం లేదు.